ఎడమచేతి ముడి

పెద్దమ్మాయీ, నీ మోకాలి వాపు తగ్గిందా? జైలు గేటు ముందు గంటలకొద్దీ నిలబడొద్దంటే వినవు. మడతపెట్టే స్టూలు ఒకటి కొనుక్కో, నినాదాలు కూర్చుని కూడా ఇవ్వొచ్చు. కోడలా, నీకు నిద్ర పడుతోందా? ఆసుపత్రిలో వరసగా ఆరు నైట్ డ్యూటీలు వేస్తే ఒప్పుకోవద్దని చెప్పాను, ఒప్పుకునే ఉంటావు. మనవరాలా, కదిలే పన్నును నాలుకతో నెట్టకు, కొత్తది వంకరగా వస్తుంది. వకీలు గారూ, మీ దగ్గు ఎలా ఉంది? పోయినసారి మా గుమ్మంలో మీరు దగ్గిన దగ్గు నాకు నచ్చలేదు, ఛాతీ ఫొటో తీయించుకోండి. చెల్లీ, నీతో నాకు మాటలు లేవు, అయినా బీపీ మాత్ర పూట తప్పకుండా వేసుకుంటున్నావా అని అడుగుతున్నాను. అబ్బాయ్, ఇది నీ చేతికి వచ్చేసరికి జైలు వాళ్లు ఎన్ని వరసల మీద నల్ల సిరా పూస్తారో తెలియదు. ఈ ఒక్క వరసైనా మిగిలితే చాలు: నీ కడుపులో మంట తగ్గిందా? ఖాళీ కడుపుతో టీ తాగకు.

నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందే చెప్పాలి, ఈ కాగితం మొత్తం దాని మీదే నిలబడాలి కాబట్టి.

డెబ్బై ఎనిమిదేళ్ల దాన్ని, చనిపోయిన ప్రెస్సు యజమాని భార్యను, సొరంగం పుస్తకం వేసినందుకు ఏడేళ్లుగా జైల్లో ఉన్న పబ్లిషరు తల్లిని, బైండింగు వీధిలో కుట్లమ్మ అని పిలిచే మనిషిని అయిన నేను, తెలివిలో ఉండి, జ్వరం లేకుండా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ ఆశ పెట్టకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. వకీలు గారు ఇచ్చిన పాత నమూనా చూసి కొన్ని మాటలు దించాను, ‘జ్వరం లేకుండా’ అన్నది నేను చేర్చాను. నా బడి చదువు రెండో తరగతి. మిగతా అక్షరాలు అచ్చయిన కాగితాలు మడుస్తుంటే వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి.

తెలివిలో ఉన్నానని పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్ దీనికి జత చేశాను. ఆవిడ నన్ను ఈ రోజు ఏ వారం అని అడిగింది, చెప్పాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. డెబ్బై తొమ్మిది దాకా వెళ్లాను. ‘చాలమ్మా, అక్కణ్నుంచి నాకూ రావు’ అంది. మంచి పిల్ల, కానీ చాలా సన్నగా ఉంది, సరిగ్గా తింటోందో లేదో.

సర్టిఫికెట్ ఎందుకంటే, రెండు నెలల కిందట నేను పెద్దమ్మాయితో ఒక మాట చెప్పబోయాను. అది ఫోనులో ఏదో పత్రిక వాళ్లతో మాట్లాడుతోంది. నేను పక్కన నిలబడి, ‘ఆ ముడి నాదేనే’ అన్నాను. ఫోను చేత్తో మూసి, ‘ఏ ముడి అమ్మా, జడదా?’ అంది. ‘పుస్తకం ముడి’ అన్నాను. నా మొహం వైపు చూసి, వంటగదిలో ఉన్న కోడలితో, ‘అమ్మని ఎండలో తెగ తిప్పుతున్నాం, మతి తప్పుతోంది, రెండు రోజులు పడుకోబెట్టు’ అంది. నన్ను పడుకోబెట్టారు. నీళ్లు తెచ్చారు, ఫ్యాను నావైపు తిప్పారు. నేనూ మాట్లాడకుండా పడుకున్నాను. పడుకోవడం ఎంతో సులువుగా ఉంది. నా సిగ్గంతా ఆ సులువు గురించే.

ముసలిది నోటితో చెబితే మతి అంటారు. అదే మాట వీలునామాలో రాస్తే పూర్తి తెలివితో రాసిందని చట్టమే ఒప్పుకోవాలట. వకీలు గారే ఒకసారి వేరే వాళ్ల సంగతి చెబుతూ అన్నారు. అందుకని ఈ దారి పట్టాను. మనిషి పోయాక వీలునామా తెరుస్తారని నాకు తెలుసు, ఇది అంతదాకా ఆగదు. వకీలు గారూ, మీకు అందిన రోజే అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి గట్టిగా చదవండి. నేనూ అక్కడే ఉంటాను. చదువుతున్నంతసేపు నావైపు ఎవరూ చూడకపోతే మేలు. పంపకాలు మాత్రం నేను పోయాకే.

ఒకటో అంశం. ఇల్లు. ముందు ప్రెస్సు షెడ్డు, వెనక రెండు గదులు, వంటగది, మెట్ల కింద కాగితం రీములు పెట్టుకునే గూడు, ఇవన్నీ నా భర్త నా పేర రాసినవి. వీటిని నా కుమారుడికి చెందేలా రాస్తున్నాను. అతను బయటికి వచ్చేదాకా కోడలు అనుభవించాలి. అమ్మకూడదని రాయను, అవసరం ఎలాంటిదో నాకేం తెలుసు. వంటగది కుళాయి ఎడమవైపు తిప్పితేనే ఆగుతుంది. గ్యాసు కట్టేశానా లేదా అని నేను రోజుకు నాలుగుసార్లు చూస్తాను, మీరు రెండుసార్లయినా చూడండి. షెడ్డు కప్పులో వర్షం కారే చోట బకెట్టు పెడుతున్నాం, ఆ బకెట్టు తీసి వేరే పనికి వాడకండి. సీలు వేసిన అల్మారా మీద పోలీసు వాళ్ల మైనం ఇంకా ఉంది, గోరుతో గీకొద్దు, మళ్లీ దానికో కేసు.

రెండో అంశం. నా కూతురికి నా చెవి దిద్దులూ, నా మంచం కింద ఉన్న రేకుపెట్టె. పెట్టెలో తమ్ముడి కోసం అది రాసిన ఉత్తరాల నకళ్లు ఉన్నాయి. మంత్రులకు, జడ్జీలకు, పత్రికలకు, ఎక్కడెక్కడో దేశాల సంఘాలకు. బడిలో టీచరు ఉద్యోగం మానేసి ఏడేళ్లు ఈ పనే చేసింది. ప్రతి గురువారం జైలు గేటు దగ్గర, ప్రతి నెల మొదటి సోమవారం సచివాలయం ఎదురుగా. వాన పడితే గొడుగు నాకు పట్టి తను తడిసింది. తమ్ముడి కోసం ఇంత చేసిన అక్కను నేను ఎక్కడా చూడలేదు. నేను చేసిన పని వల్ల దాని జీవితం ఇలా అయిందని కింద రాస్తాను, అందుకని దిద్దులు తక్కువని తెలిసే ఇస్తున్నాను.

ఒక్క కష్టం మాత్రం చెప్పుకోవాలి. ఊరంతా అంటించిన ఆ పోస్టరు మీద నా ఫొటో వేయించావు. కింద ‘వీరమాత’ అని రాయించావు. జనం చూసి ఆ తల్లి ఎలా కుమిలిపోతోందో అనుకుంటారు. ఆ ఫొటోలో నేను ఏడవడం లేదు. ఎండ కళ్లలో పడింది. సభలో నాకు శాలువా కప్పిన ప్రతిసారీ తల కొట్టేసినట్టయ్యేది. నేను తల దించుకుంటే, ‘చూడండి ఎంత అణకువో’ అని మైకులో అన్నావు ఒకసారి. అణకువ కాదే అది.

మూడో అంశం. మా చెల్లెలికి ఇత్తడి బిందె. అది అమ్మ తనకే ఇచ్చిందని నలభై ఏళ్లుగా అంటోంది. అమ్మ నాకే ఇచ్చింది. అయినా తీసుకో. అబ్బాయిని పట్టుకెళ్లిన వారంలో నేను మీ ఇంటికి వస్తే, తలుపు గొలుసు తీయకుండా సందులోంచి, ‘అక్కా, మా ఆయనది ప్రభుత్వ ఉద్యోగం, ఏమనుకోకు’ అన్నావు. నేను అనుకున్నాను. ఇన్నాళ్లూ అనుకుంటూనే ఉన్నాను. కింద రాసిన సంగతి చూస్తే, నీమీద కోపం పెట్టుకునే మొహం నాకు లేదు. బిందె అడుగున సొట్ట ఉంది, అది నీ పెళ్లిలో నువ్వు పడేసినప్పటిదే.

నాలుగో అంశం. ఇది ఆస్తి కాదు. కానీ ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది, నేను పోతే నాతోనే పోతుంది కాబట్టి రాయాలి. ఈ అంశం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మనవరాలికి అర్థమయ్యేలా చెబుతాను, దానికి అప్పుడు రెండేళ్లు. ప్రభుత్వం కొండ కింద ఒక సొరంగం తవ్వించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ పనిలో నూట నలభై మూడు మంది కూలీలు చనిపోయారు. అసలు లెక్క ఉన్న కాగితాల మీద రహస్యం అని ముద్ర కొట్టి బీరువాలో పెట్టారు. ఇళ్లకు మాత్రం, మీ మనిషి పని వదిలేసి పారిపోయాడని ఉత్తరాలు పంపారు. వాళ్ల భార్యలు మొగుడు వదిలేశాడనే అనుకుని బతికారు. మీ నాన్న ఆ ముద్ర కాగితాలను పుస్తకంగా వేశాడు. అంతే అతని నేరం.

ఆ పుస్తకం అచ్చయ్యాక అబ్బాయి నాతో విడమరిచి చెప్పాడు. ‘అమ్మా, దీనికి కుట్లు వద్దు. రెండు పిన్నులు కొట్టేసెయ్యి. ఏ ప్రెస్సులో తయారైందో తెలియకూడదు. పిన్నులన్నీ ఎక్కడైనా ఒకేలా ఉంటాయి.’ నేను ‘సరేరా’ అన్నాను.

మూడు వందల కాపీలు. మొదటి యాభై పిన్నులే కొట్టాను. యాభై ఒకటోది తెరిస్తే మధ్య కాగితం అప్పుడే వదులుగా ఆడుతోంది. దాని మీద అన్నీ మనుషుల పేర్లు. పిన్ను తుప్పు పట్టి ఆ కాగితం ఊడిపోతే వాళ్లు రెండోసారి తప్పిపోయినట్టే కదా అనుకున్నాను. ఇలా అనుకున్నానని ఏడేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది సగమే నిజం. పిన్నుల పుస్తకం నా చేతిలోంచి బయటికి పోవడం నాకు నామోషీ. ఆ మిగతా సగం ఇప్పుడు మొదటిసారి రాస్తున్నాను. మైనం రాసిన దారం తీసి, మిగిలిన రెండు వందల యాభై కాపీలూ కుట్టేశాను. పైన అట్ట అతికించాక లోపల పిన్నో దారమో పైకి తెలియదు. అబ్బాయి కట్టలు కట్టించి పంపేశాడు. నేను చెప్పలేదు.

కుట్టడం తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. పదహారు పేజీలది ఒక మడత, దాన్ని మేం ఫారం అంటాం. ఒక ఫారం కుట్టి పైదానికి వెళ్లేటప్పుడు, దారాన్ని కింది కుట్టులోంచి తీసి ఒక చుట్టు చుట్టి బిగించాలి. అందరూ అలాగే చేస్తారు. నాది ఎడమచెయ్యి వాటం. నేను రెండు చుట్లు వేస్తాను, అదీ ఎడమనుంచి, కొసను మడతలోపలికి దాచేస్తాను. నా ముడి విప్పాలంటే కొయ్యాల్సిందే. కుడిచేతి వాళ్లు ప్రయత్నిస్తే జారిపోతుంది. నలభై ఏళ్లలో ఈ ఊళ్లో అలా ముడి వేసింది నేనొక్కదాన్నే, దానికే కుట్లమ్మ అన్న పేరు. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది. ఆరు ఫారాల పుస్తకం. రెండు వందల యాభై పుస్తకాల్లో, ఫారం ఫారానికీ, నా సంతకం పెట్టి ఊరి మీదికి పంపాను.

పదకొండో రోజున పోలీసులు వచ్చారు. అబ్బాయినీ, మిషను బాబాయినీ తీసుకెళ్లారు.

మిషను బాబాయి అంటే మా ట్రెడిల్ అచ్చు మిషను తొక్కిన మనిషి. మా ఆయన ఉన్నప్పటినుంచీ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. నన్ను వదినా అంటాడు. పిల్లలిద్దరినీ భుజం మీద మోశాడు, కూతురికి సైకిలు నేర్పింది ఆయనే. నాలుగో రోజున ఆయన్ను వదిలేశారు. అబ్బాయిని వదల్లేదు. కోర్టులో ఇన్‌స్పెక్టరు, ‘నమ్మదగిన సమాచారం అందింది’ అన్నాడు, అందించింది ఎవరో చెప్పలేదు. స్టేషను మెట్లు దిగుతున్నప్పుడు బాబాయి ఒంటి మీద కొత్త చొక్కా ఉంది, మడతలు కూడా పోలేదు. పెద్దమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. ‘వెళ్లినప్పుడు పాత చొక్కా, వచ్చినప్పుడు కొత్త చొక్కా. ఇంకేం కావాలి సాక్ష్యం?’ అంది ఇంటికొచ్చి. ఆ మాట పట్టుకుంది, ఇంటిల్లిపాదీ పట్టుకున్నాం.

మూడు వారాల తర్వాత నేను దారం కొనడానికి బైండింగు వీధికి వెళ్లాను. అక్కడ మూల దుకాణంలో జిగురాయన ఉండేవాడు. అన్ని పుస్తకాలూ జిగురుతోనే అతికించేవాడు కాబట్టి ఆ పేరు. నన్ను చూడగానే లేచి స్టూలు వేశాడు. ‘కుట్లమ్మా, నీ పని గురించి ఎవరో పెద్దవాళ్లు కనుక్కుంటున్నారే. ఇద్దరు వచ్చి, అట్ట పీకేసిన పుస్తకం చూపించి, ఇది ఎవరి చెయ్యి అని అడిగారు. ఇంకెవరిది, ఈ ఊళ్లో ఎడమ ముడి మా కుట్లమ్మదే, పుస్తకం చినిగినా ముడి ఊడదు అని చెప్పాను. బహుమతీ గిహుమతీ ఏమైనా ఇస్తారా ఏంటి? వస్తే నాకు టీ అయినా ఇప్పించు’ అన్నాడు. పాపం, మెచ్చుకున్నాననే అనుకున్నాడు. ఏ రోజు వచ్చారని అడిగాను. అబ్బాయిని పట్టుకెళ్లడానికి ముందు రోజు. దారం కొనకుండానే వచ్చేశాను. మరుసటి ఏడాది జిగురాయన పోయాడు. ఇక ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద కరపత్రాలు ఉన్నాయి. ప్రెస్సు వార్షికోత్సవం ఫొటోలోంచి బాబాయి మొహం కత్తిరించి పెద్దది చేసి వేశారు. పైన ‘ఇంటిదొంగ’ అని అక్షరాలు. పెద్దమ్మాయి, ‘అమ్మా, రేపటికి మడిచి పెట్టు, నీ చెయ్యి పడితే గంటలో అయిపోతుంది’ అంది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే నన్ను తీసుకెళ్తారేమో అని ఒక భయం, నా కూతురు నన్ను ఎలా చూస్తుందో అని ఇంకో భయం. రెండోదే పెద్దది. కూర్చుని మడిచాను. పన్నెండు వందలు. మడత సరిగ్గా ఆయన ముక్కు మీద పడుతోంది. కొంచెం పక్కకు జరిపి మడుద్దామని చూశాను, అంచులు కలవలేదు. అంచులు కలవకపోతే నాకు తోచదు. అందుకని ముక్కు మీదే మడిచాను.

వాటిని బాబాయి వీధి చివర గోడకు కూడా అంటించారు. ఆయన మనవరాలు ఆ గోడ పక్కనుంచే బడికి వెళ్లాలి. ఆ తర్వాత ఏ ప్రెస్సూ ఆయన్ను పనిలో పెట్టుకోలేదు.

ఇంతవరకు నేను బాబాయికి చేసింది. ఇక అబ్బాయికి చేసింది. పుస్తకం వేసినందుకు మూడేళ్లు, కాగితాలు దొంగిలించినందుకు పదేళ్లు, అదీ తీర్పు. మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు లోపల ఉన్నదంతా దొంగతనం కింద. అబ్బాయి దొంగిలించలేదు. ఒక మధ్యాహ్నం అబ్బాయి ఊళ్లో లేనప్పుడు, సొరంగం ఇంజనీరే స్వయంగా వచ్చి ఆ కట్ట మిషను బల్ల మీద పెట్టి, ‘మీ యజమానికి ఇవ్వండి, నాకు నిద్ర పట్టడం లేదు’ అని వెళ్లిపోయాడు. ఆ ఇంజనీరు తర్వాత గుండెపోటుతో పోయాడు. అది కళ్లారా చూసింది బాబాయి ఒక్కడే. అబ్బాయి మొదటి ములాఖత్‌లోనే మనకు ఆ మాట చెప్పాడు. కానీ అప్పటికే మనం ఆయన్ను ద్రోహి అని ఊరంతా అంటించాం. ‘వాడు బోనెక్కి మన మెడకే చుడతాడు, వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు’ అంది పెద్దమ్మాయి. ఆ మాటకు సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారా అని వకీలు గారు ఐదుసార్లు అడిగారు, నేను విన్నాను. ఐదుసార్లూ ఎవరూ లేరనే మన ఇంట్లోవాళ్లు చెప్పారు. నేను వంటగదిలో గిన్నెలు కడుగుతూ, కడిగినవే మళ్లీ కడుగుతూ విన్నాను.

నా ముడి వల్ల అబ్బాయి లోపలికి వెళ్లాడు. నా మూసిన నోటి వల్ల నాలుగేళ్లు అదనంగా లోపల ఉన్నాడు. అబ్బాయ్, నేను ములాఖత్‌కు వచ్చిన ప్రతిసారీ వల అవతల్నుంచి, ‘అమ్మా, నువ్వుండబట్టే నేను నిలబడ్డాను’ అంటావు. నేను సరే నాన్నా అని, స్వెట్టరు వేసుకుంటున్నావా అని అడిగి వచ్చేస్తాను.

ఐదో అంశం. ప్రెస్సులో ఉన్న ట్రెడిల్ మిషను, దాని రోలర్లు, పనిముట్లు, నూనె డబ్బా సహా, మిషను బాబాయికి చెందాలి. పోలీసులు తిరిగిచ్చినప్పుడు దాని చక్రం పళ్లు రెండు విరిగి ఉన్నాయి. ఆయనే బాగు చేసుకోగలడు. తీసుకోనంటే బలవంతపెట్టకండి, తుప్పు పట్టకుండా చూడండి.

పోయిన శుక్రవారం నేను ఆయన ఇంటికి వెళ్లాను. ఇంట్లో కళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాను, అది కూడా అబద్ధమే. ఆయన ఇప్పుడు వరండాలో కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి రా వదినా అనలేదు. ‘ఏం కావాలి?’ అన్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన స్క్రూ బిగిస్తూనే విన్నాడు.

‘తెలుసు’ అన్నాడు. ‘రెండో రోజే పుస్తకం విప్పి నా ముందు పడేశారు. ముప్పై ఏళ్లు నీ ఎదురుగా కూర్చుని పనిచేశాను, నీ ముడి నాకు తెలీదా? తెలీదన్నాను. వాళ్లకి అప్పటికే తెలుసు, కోర్టులో నా నోటితో పలికించుకోవాలని కూర్చోబెట్టారు. పలకలేదు. అందుకే చొక్కా చిరిగింది. చిరిగిన చొక్కాతో బయటికి పంపితే ఫొటోలు తీస్తారని కొత్తది తొడిగారు.’

లోపల్నుంచి ఆయన భార్య, ‘ఆ చొక్కా చూడ్డానికొచ్చిందేమో. వేడి గిన్నెలు దింపడానికి వాడుతున్నానని చెప్పండి’ అంది.

‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’ అని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది, ఆ ప్రశ్న అడగాల్సిన మనిషిని నేనా.

‘ఎవరికి చెప్పను? మీ పెద్దమ్మాయి నమ్మదు. నమ్మితే నిన్ను లోపలేస్తారు. ఇంట్లోంచి ఒకడు పోయింది చాల్లే అనుకున్నాను’ అన్నాడు. ఇంకో స్క్రూ అందుకుని, ‘నువ్వే చెబుతావనుకున్నాను వదినా. మొదటి ఏడాదంతా అనుకున్నాను’ అన్నాడు.

ఆ మాట నేను ఇక్కడ రాశాను, ఇంక దాని గురించి ఏమీ రాయలేను.

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. ‘ఆ పని వద్దు, నీ నడుం పట్టేస్తుంది, లేపే ఓపిక నాకు లేదు’ అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. ‘వాడి కోసం సాక్ష్యం చెబుతాను. వాణ్ని మోసిన భుజం ఇది. కానీ నువ్వు పిలిస్తే రాను, వకీలు కాగితం పంపితే రాను. నా మొహం గోడకు అంటించిన చెయ్యి వచ్చి అడగాలి. ఈ గుమ్మంలో, మా ఆవిడ వింటుండగా.’

పెద్దమ్మాయీ, అది నీ చెయ్యి. నువ్వు తెలియక అంటించావు, నేను తెలిసి మడిచాను. నీ కోపం నీ తల్లి మీద చూపించు, ఎంతైనా చూపించు, కానీ ఆయన గుమ్మంలో చూపించకు. కోర్టులో మళ్లీ విచారణ ఈ నెల పంతొమ్మిదిన. అదే ఆఖరి అవకాశమని వకీలు గారు చెప్పారు కదా. నువ్వు వెళ్లి అడిగితే నీ తమ్ముడు బయటికొస్తాడు. వెళ్లకపోతే ఇంకా మూడేళ్లు, అతని కడుపు మంటతో, ఆ నీళ్లతో.

వకీలు గారూ, ఈ నాలుగో అంశాన్ని విడిగా టైపు చేయించి నా వాంగ్మూలంగా కోర్టులో పెట్టండి. దానికి నన్ను తీసుకెళ్తామంటే వెళ్తాను. కీళ్ల మాత్రలు, కళ్లద్దాలు, రెండు చీరలు సంచిలో సర్ది తలుపు వెనక పెట్టాను. అక్కడ కింద కూర్చోవాలా, బల్ల ఉంటుందా అన్నది కొంచెం కనుక్కోండి.

ఆరో అంశం. కోడలికి నా ఉన్ని శాలువా, సభల్లో కప్పినవి కాదు, నేను కొనుక్కున్న గోధుమరంగుది. అందరం కరపత్రాలు పంచిన రోజు నువ్వొక్కదానివే డ్యూటీ ఉందని రాలేదు. ఆ రోజు నీకు డ్యూటీ లేదని నాకు తెలుసు. అడగలేదు, అడిగితే నువ్వు తిరిగి నన్నేదైనా అడుగుతావని భయం. నీకు నా మీద ఎప్పటినుంచో అనుమానం ఉందేమో. ఉంటే నువ్వు మంచిదానివి కాబట్టి దాచావు, నేను దాచినట్టు కాదు.

ఏడో అంశం. మనవరాలికి నా దబ్బనం, కాగితం మడిచే ఎముక చెక్క. ఎముక చెక్క అంచు నున్నగా ఉంటుంది, వేలు తెగదు. దబ్బనం మాత్రం పదేళ్లు నిండాకే ఇవ్వండి. నీది కుడిచెయ్యి. నా ముడి నీకు రాదు, అందరూ వేసే ముడే నేర్చుకో, అది చాలు. పుస్తకం కుట్టమని ఎవరైనా చెబితే కుట్టు, వద్దంటే కుట్టకు.

ఎనిమిదో అంశం. నేను పోయాక నామీద ఉద్యమం జెండా కప్పొద్దు. మైకు పెట్టొద్దు. గోడల మీద నా పోస్టరు ఎక్కడ మిగిలి ఉన్నా నీళ్లు చల్లి, నానాక గీకెయ్యండి, పొడిగా పీకితే గోడ సున్నం ఊడుతుంది. బాబాయి వీధి గోడ మీద ఆ పాత కరపత్రం జాడ ఇంకా ఉంది, మొన్న చూశాను, మొహం పోయింది గానీ పై అక్షరాలు పోలేదు. అది నేను పోకముందే, నా చేత్తో గీకుతాను. ఎవరూ తోడు రావద్దు.

ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత వకీలు గారిది. ఇందులో నేను రాసినదానికి నేనే బాధ్యురాలిని. కొట్టివేతలు మూడు చోట్ల ఉన్నాయి, మూడూ నావే.

తేదీ: ఆగస్టు మూడు, బుధవారం, అబ్బాయి లోపలికి వెళ్లిన ఏడో ఏడు.

సంతకం: ప్రెస్సు ఇంటి పెద్దావిడ, ఎడమచేత్తో.

సాక్షులు: ఎదురింటి టైలరు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ. ఇద్దరూ నేను సంతకం చేస్తుండగా చూశారు. లోపల చదవొద్దని చెప్పాను. టైలరు మొదటి పేజీ చదివాడు, తర్వాత కళ్లద్దాలు తేలేదన్నాడు, అవి నుదుటి మీదే ఉన్నాయి.

పెద్దమ్మాయి తన గుమ్మానికి వచ్చి అడగడానికి మిషను బాబాయి చెప్పిన రోజు: ఆగస్టు ఏడు, ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు.